మూడు గంటల అడ్మిన్

ఏవండీ, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, అదెక్కడికీ పారిపోదు. అమ్మాయీ, నువ్వూ రా, ఆ బీరకాయలు ఇక్కడ కూర్చుని తరుక్కోవచ్చు. కంప్యూటర్‌లో చిల్లు పడిందని ఊరూ వాడా గగ్గోలు పెడుతున్నాయి కదా? నేను చెబుతున్నాను వినండి. ఆ చిల్లు చల్లగా ఉండాలి! అంత మంచి చిల్లుని నా డెబ్బై నాలుగేళ్ళలో నేను చూడలేదు!

దాని పేరు లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్. నాకు నోరు తిరగటానికి మూడు రోజులు పట్టింది. మా మనవరాలు పెర్సిస్ చేత పదిసార్లు చెప్పించుకున్నాను. పెర్సిస్ ఏలూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తోంది. అంటే ప్రతి జూన్‌లోనూ తన ఉద్యోగం ఉందో ఊడిందో కొత్తగా తెలుసుకుంటుందన్నమాట.

కంప్యూటర్ వాడే ప్రతి మనిషికీ దాని లోపల ఒక పేరుంటుందట. పేరుని బట్టి హద్దు. చదువుకునే పిల్లలు తమ పని తాము చేసుకోవచ్చు, అంతే. ల్యాబ్ అసిస్టెంటు మెషిన్లు వేయొచ్చు, ఆపొచ్చు. అందరికీ పైన అడ్మిన్ అని ఒకరుంటారు. కొత్త ప్రోగ్రాం వేయాలన్నా, పాతది తీయాలన్నా, ఒకరి పేరు పెట్టాలన్నా, కొట్టేయాలన్నా అంతా ఆయన చేతిలోనే.

ఇప్పుడీ చిల్లు ఏమిటంటే, కింద హద్దులో ఉన్న చిన్న మనిషి ఎవరినీ అడక్కుండా అడ్మిన్ అయిపోయే దారి. బయటి నుంచి గోడ దూకిన దొంగ కాదండోయ్! మనమే రమ్మని, కూర్చోమని, మంచినీళ్ళిచ్చిన మనిషి. అందుకే లోకల్ అన్నారట.

“అదెలాగే?” అన్నాను.

“ప్రింటర్ పని చూసే ప్రోగ్రాం ఒకటుంటుంది అమ్మమ్మా. అది అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. దాని చేతిలో ఏ కాగితం పెట్టినా, ఎవరు పెట్టారని చూడకుండా చేసేస్తోంది. నన్ను అడ్మిన్ని చెయ్యి అని రాసిపెట్టినా చేసేస్తుంది.”

“ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఇది మా లంకలో కరణం గారి బంట్రోతు కదే!” అన్నాను.

నేను పుట్టింది కొల్లేరు లంకలోనండి. మా చిన్నప్పుడు కరణం గారి ముద్ర ఉన్న సంచీ ఆ బంట్రోతు భుజాన వేలాడుతుండేది. అతనికి చదవటం రాదు. చదవటం రాదని ఒప్పుకోవటం అంతకన్నా రాదు. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా గంభీరంగా తలూపి ముద్ర గుద్దేసేవాడు. ఒకే ఏడాదిలో మా లంకకి ముగ్గురు ఊరిపెద్దలు వచ్చారు!

అయినా ఇందులో తప్పేముందండీ? మన వైపు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టామో అక్కడే ఉన్నవాళ్ళని ఒక్కరిని చూపించండి!

ఏలూరులో కైకలూరు ఆటో ఎక్కండి. “కొంచెం జరగండమ్మా, అంచు మీద కూర్చుంటాను” అంటాడొకాయన. ఎంత మర్యాద! ఊరు దాటేసరికి ఆయన నడిమధ్యలో ఉంటాడు, మీరు అంచు మీద ఉంటారు. ఆయన సంచీ మీ ఒళ్ళో ఉంటుంది. పెదయడ్లగాడి వంతెన దగ్గరికొచ్చేసరికి ఆటో ఎక్కడ ఆపాలో, ఎవరిని ఎక్కించాలో డ్రైవర్‌కి ఆయనే చెబుతుంటాడు. మీరు దిగుతుంటే “జాగ్రత్తగా వెళ్ళిరండమ్మా” అని సాగనంపేది కూడా ఆయనే!

ఉండి ఊళ్ళో మా బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఎవరో ఒక పెద్దమనిషిని పిలిచి “బాబాయి గారూ, సాంబారులో ఉప్పు సరిపోయిందేమో కాస్త చూడండి” అన్నారు. ఆయన చూశారు. చూసి అక్కడే నిలబడ్డారు. రెండో బంతికి ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పారు. మూడో బంతికి పెళ్ళికొడుకు తండ్రే ఆయన దగ్గరికెళ్ళి “మేం ఎప్పుడు కూర్చోమంటారండీ?” అని అడిగాడు. ఆయన మగపెళ్ళివారి చుట్టమో ఆడపెళ్ళివారి చుట్టమో ఈరోజుకీ తేలలేదు!

మా చర్చికి కంజిర వాయించటానికని ఏసుకుమార్ వచ్చాడు. ముందు, పాట కొంచెం నెమ్మదిగా పాడదాం అన్నాడు. తరవాత, ఏ పాట పాడాలో అన్నాడు. ఇప్పుడు అయ్యగారు ప్రసంగం చెబుతూ మధ్యమధ్యలో ఏసుకుమార్ వైపు చూస్తున్నారు, ఆపమంటాడేమోనని.

మనుషుల దాకా ఎందుకు, కొల్లేరునే చూడండి. చేపల చెరువు గట్టు ఏడాదికి జానెడు ముందుకి జరిగేది. జానెడే కదా అని నీళ్ళు ఊరుకున్నాయి. నేను చిన్నప్పుడు పడవలో వెళ్ళిన చోట ఇప్పుడు మోటారు సైకిళ్ళు తిరుగుతున్నాయి. ఆ గట్టుని ఎవరైనా లాగిన్ అడిగారా? పాస్‌వర్డ్ చెప్పమన్నారా? వానాకాలంలో ఆ నీళ్ళు తమ పాత దారి వెతుక్కుంటూ ఇళ్ళలోకొస్తే మాత్రం, నీళ్ళకి హద్దూ పద్దూ లేదని తిడతాం!

నేనేం తక్కువ తిన్నానా? కోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు నాకు పెరట్లో గిన్నెల వరకే హద్దు పెట్టారు. చేపల పులుసు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒకసారి ఆవిడకి జలుబు చేసింది. వాసన తెలియటం లేదని “పులుసెలా ఉందో చూడవే” అన్నారు. అంతే! చూడమన్నారు గదా అని చూశాను. చింతపండు చాలలేదన్నాను. అన్నాను గదా అని వేశాను. ఏడాది తిరిగేసరికి గరిటె నా చేతిలో ఉంది. ఆవిడ జలుబు వారంలోనే తగ్గిపోయింది. గరిటె మాత్రం నేను తిరిగివ్వలేదు.

ఇన్నేళ్ళుగా మనం చేస్తున్న పని కంప్యూటర్ ఇప్పుడు నేర్చుకుంది. మన పద్ధతులు మెషిన్‌కి కూడా అబ్బాయని సంతోషించాలి గాని, చిల్లు చిల్లు అని ఆడిపోసుకుంటామా?

ఇక మా పెర్సిస్ సంగతి.

మార్చిలో ఆ చిల్లు సంగతి బయటపడింది. దాన్ని మూసే అప్‌డేట్ కూడా వెంటనే వచ్చింది. వేస్తే సరి. ల్యాబ్‌లో నలభై మెషిన్లు. దగ్గర్లోనే ఒక సోమవారం ప్రాక్టికల్ పరీక్షలు ఆ మెషిన్ల మీదే. ఈలోగా ఒక్కరికి ఆ దారి తెలిసినా చాలు, పక్కవాళ్ళ జవాబులు చూడొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు. అప్పుడు సంజాయిషీ చెప్పాల్సిందెవరు? ల్యాబ్ అసిస్టెంటు!

అప్‌డేట్ వేయాలంటే అడ్మిన్ అయ్యుండాలి. మరి అడ్మిన్ ఎవరయ్యా అంటే, దేవరాజు గారు. ఆయన రిటైరై రెండేళ్ళయింది. తాడేపల్లిగూడెంలో ఇంటి ముందు మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నారు. ఏలూరులో ఉన్న నలభై మెషిన్లకి గూడెంలో మొక్కలకి నీళ్ళు పోసే ఆయన యజమాని!

ఇదెలా జరిగిందంటారా? మన మర్యాద వల్ల జరిగింది. దేవరాజు గారు వెళ్ళేటప్పుడు ఛార్జి లిస్టు రాశారు. తాళాల గుత్తి ఒకటి, రబ్బరు స్టాంపులు మూడు, ఫ్యాన్లు పద్నాలుగు, నడవని గోడ గడియారం ఒకటి. అన్నీ రాసి, అప్పగించి, సంతకం పెట్టారు. పాస్‌వర్డ్ బల్ల మీద కనిపించే వస్తువు కాదు గదా, అది లిస్టులోకి రాలేదు. తరవాత సన్మానం. శాలువా కప్పి, దండ వేసి, ప్రిన్సిపాల్ వెంకట్రాజు గారు మైకులో అన్నారట, “దేవరాజు గారు వెళ్ళొచ్చు గాని, ఈ ల్యాబ్‌లో ఆయన పేరు ఎప్పటికీ ఉంటుంది” అని. చప్పట్లు మోగిపోయాయట.

ఉంది మరి! అలాగే ఉంది! పెద్దాయన పేరు తీసేద్దాం అనటానికి నోరెవరికొస్తుంది? సన్మానం చేసిన చేత్తోనే కొట్టేస్తే ఏం బాగుంటుంది? ఆ శాలువా ముఖం చూసైనా ఊరుకోవాలి గదా!

పెర్సిస్ ప్రిన్సిపాల్ గారికి మూడు ఉత్తరాలు పెట్టింది. మూడింటి మీదా ఆయన ఎర్ర ఇంకుతో “మాట్లాడగలరు” అని రాసి వెనక్కి పంపారు. ఎవరితో మాట్లాడాలో రాయలేదు. వెళ్తే, ఆయన మీటింగులో ఉన్నారు.

ఇక లాభం లేదని పరీక్షల ముందు గురువారం సెలవు పెట్టి, ప్యాసింజర్ ఎక్కి గూడెం వెళ్ళింది. పాస్‌వర్డ్ అడిగి వచ్చేస్తాను అమ్మమ్మా, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను అంది.

దేవరాజు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారట. “రామ్మా పెర్సిస్, రా! రూబీ, ఎవరొచ్చారో చూడు, మా ల్యాబ్ అమ్మాయి!” అని ఇల్లంతా వినపడేలా పిలిచారట. ఆయన భార్య రూబీ గారు కాఫీ ఇచ్చారు. ఆయనే స్వయంగా పొయ్యి దగ్గర నిలబడి పకోడీలు వేయించారు. రెండు వాయిలు అయ్యాక వచ్చి కూర్చున్నారు.

“ఏవమ్మా, ఇంకా అక్కడ మెషిన్ వేయగానే నా పేరు వస్తోందా?”

“వస్తోందండి.”

“పైన వస్తోందా, కింద వస్తోందా?”

“అన్నిటికన్నా పైనే వస్తోందండి.”

“రూబీ, విన్నావా? పైనే వస్తోందట!”

రూబీ గారు లోపలి నుంచి “విన్నానండీ, వీధి వీధంతా విన్నది” అన్నారట.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆ మాట తరవాత పాస్‌వర్డ్ ఎలా అడుగుతుంది? మూడుసార్లు నోరు తెరిచిందట. తెరిచినప్పుడల్లా ఆయన ఇంకో పకోడీ వేశారట.

సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చింది. చేతిలో పొట్లం, సంచీలో చిన్న కుండీ.

“పాస్‌వర్డ్ ఏదే?”

“అడగలేకపోయాను అమ్మమ్మా.”

“మరి ఇదేంటే?”

“కరివేపాకు మొక్క.”

శుక్రవారం కూడా ప్రిన్సిపాల్ గారు మీటింగులోనే ఉన్నారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి, అందరూ భోజనాలు చేసి ఇళ్ళకెళ్ళాక, మా పెర్సిస్ ల్యాబ్‌లో కూర్చుంది. ఆ చిల్లులోంచే దూరింది! ప్రింటర్ ప్రోగ్రాం చేతిలో కాగితం పెట్టి అడ్మిన్ అయింది. అప్‌డేట్ వేసింది. తను వచ్చిన చిల్లుని తనే మూసేసింది. మళ్ళీ తన పేరుకి తను దిగిపోయింది. ఇలా ఒక మెషిన్ తరవాత ఒక మెషిన్, నలభై మెషిన్లు. అయ్యేసరికి అయిదైంది. లెక్కేస్తే మూడు గంటలు మా ఇంటి పిల్ల అడ్మిన్!

“పనిలో పనిగా నీ పేరు కూడా పైన పెట్టేసుకోలేకపోయావా? ఇక ఎవరినీ అడిగే పనుండేది కాదుగా” అన్నాను.

“అది నాది కాదు కదా అమ్మమ్మా” అంది.

నాకు మా అత్తగారి గరిటె గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

అంతటితో ఊరుకుందా? ల్యాబ్ రిజిస్టర్ తీసి, తేదీ వేసి, గుండ్రటి అక్షరాలతో అంతా రాసింది. ఏ దారిన ఎక్కిందో, ఏం చేసిందో, ఎన్నింటికి దిగిందో రాసి సంతకం పెట్టింది. చూశారా పిల్ల తెలివి? ఇంత చదువుకుని రిజిస్టర్‌లో నిజం రాసింది!

సోమవారం పరీక్షలు చక్కగా జరిగిపోయాయి. మంగళవారం ప్రిన్సిపాల్ గారు రిజిస్టర్ తిరగేశారు. మూడు ఉత్తరాలకి రాని కదలిక ఆ ఒక్క పేజీకి వచ్చింది. మీటింగు కూడా ఆగిపోయింది! బుధవారం పొద్దున్న మెమో. అనుమతి లేకుండా అడ్మిన్ అధికారం పొందినందుకు సంజాయిషీ చెప్పవలసింది, శుక్రవారం విచారణకి రావలసింది అని. మూడే లైన్లు, కింద ముద్ర. ఫైల్లో మెమో ఉన్నవాళ్ళ పేరు జూన్ లిస్టుకి వెళ్ళదమ్మా అని ఆఫీసులో గుమాస్తా నెమ్మదిగా చెవిన వేశాడు.

పెర్సిస్ ఆ రెండు రోజులూ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగమండి. ఆ మెషిన్లలో ఏది ఎప్పుడు మూలుగుతుందో మా పిల్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

విచారణకి దేవరాజు గారిని కూడా పిలిపించారు. వాడుకున్నది ఆయన అధికారం కదా, ఫిర్యాదు చెప్పాల్సింది ఆయనే కదా! గూడెం నుంచి అదే ప్యాసింజర్‌లో వచ్చారు. ఆ ఎండలో కూడా సన్మానం శాలువా భుజాన వేసుకునే వచ్చారట.

“దేవరాజు గారూ, ఈ అమ్మాయి మీ అధికారం వాడుకుంది. దీనికి మీ అనుమతి ఉందాండీ?” అని వెంకట్రాజు గారు అడిగారు.

ఆయన మా పిల్ల వైపు తిరిగారు.

“ఆ రోజు ఎందుకొచ్చావో నాకు గుమ్మంలోనే తెలిసిందమ్మా. తెలిసే పకోడీలు వేయించాను. నోట్లో పకోడీ ఉంటే అడగలేవని.”

పెర్సిస్ తల వంచుకుంది.

“తప్పు రాయాలంటే నా పేరు రాయండి వెంకట్రాజు గారూ” అన్నారాయన. “వాకిలికి అడ్డంగా కూర్చున్నది నేను. ఆ పిల్ల చిల్లులోంచి రాక ఇంకెలా వస్తుందండీ?”

తరవాత ల్యాబ్‌లోకి నడిచి, నలభైకీ పేర్లు పెట్టే పెద్ద మెషిన్ వేయమన్నారు. పాస్‌వర్డ్ కొట్టాలి, అందరూ అటు తిరగండి అన్నారు. అందరూ మర్యాదగా గోడ వైపు తిరిగారట, ప్రిన్సిపాల్ గారితో సహా! వెనకనుంచి ఒక్క వేలితో టక్, టక్ అని చప్పుడు. ఆ వేలికి అన్ని అక్షరాలూ గుర్తున్నాయండి. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

పెర్సిస్ పేరు పైన పెట్టారు. రెండేళ్ళుగా కాని పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

“ఇప్పుడు నా పేరు తీసెయ్యమ్మా” అన్నారు.

“నా వల్ల కాదండి” అంది పెర్సిస్. నిజంగానే కాలేదట. చెయ్యి రాలేదు.

ఆయనే నొక్కారు. నిజంగా తీసేయమంటారా అని మెషిన్ మళ్ళీ అడిగిందట. మనుషులు అడగటం మరిచిపోయిన మాట ఆ మెషిన్ అడిగింది చూడండి! ఆయన కళ్ళజోడు తీసి, శాలువా అంచుతో తుడుచుకుని, పెట్టుకుని, అవును అని నొక్కారు. ఉక్కగా ఉందమ్మా అని శాలువా మడిచి సంచీలో పెట్టుకున్నారు.

వెంకట్రాజు గారే లేచి ఆయనకి మంచినీళ్ళు ఇచ్చారట. మంచివారేనండి ఆయన. మీటింగులు లేకపోతే ఇంకా మంచివారు.

“మరి మెమో సంగతి సర్?” అని పెర్సిస్ అడిగింది. మా పిల్ల ఆ ఒక్క రోజే నోరు తెరిచి అడిగింది.

“మెమో ఇచ్చే అధికారం నాకుందమ్మా. ఇచ్చాక వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. అది పై ఆఫీసు నుంచి రావాలి” అన్నారాయన.

పై ఆఫీసుకి ఉత్తరం పెట్టారు. జవాబు కూడా వచ్చింది. మెమోలు తీసే సీటులో ఉన్నాయన జనవరిలో రిటైరయ్యారట. ఆయనకి కూడా సన్మానం బ్రహ్మాండంగా జరిగిందట. మెషిన్‌లో ఇంకా ఆయన పేరే ఉందట!

ఇప్పుడు నలభై మెషిన్ల అధికారం మా పెర్సిస్ చేతిలో ఉంది. పిల్లేమో పెరటి చెట్టు కింద కూర్చుని జూన్ కోసం చూస్తోంది. కాగితం మీద ఇంకా అసిస్టెంటే, ఇంకా కాంట్రాక్టే. మెషిన్‌లో చిల్లు పడితే నెల తిరక్కుండా అప్‌డేట్ వచ్చింది. తొమ్మిదేళ్ళుగా పెద్ద పని చేయించుకుంటూ చిన్న పేరుతో కూర్చోబెట్టిన చిల్లు ఒకటుంది చూశారూ, దానికి ఏ కంపెనీ వాళ్ళూ ఇంకా ఏమీ పంపలేదు. ఆ మెషిన్ చిల్లు చల్లగా ఉండాలని మొదట ఎందుకన్నానో తెలిసిందా? మా పిల్ల ముందు తెరుచుకున్న దారి అదొక్కటేనండి. అది కూడా తన చేతులతో తనే మూసుకుని వచ్చింది.

కాబట్టి మీరు లేచి వెళ్ళేముందు ఒక్క మాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కైకలూరు ఆటోలో చెప్పండి, పెళ్ళి బంతిలో చెప్పండి, చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ చెప్పండి. ఏలూరులో పెర్సిస్ అనే పిల్ల ఒకతె పైకి ఎక్కిందని చెప్పటానికి ముద్ర వేసిన కాగితం ఉంది. తనంతట తను దిగిందని రాసిన పేజీకి మాత్రం ముద్ర లేదు, అది చెప్పటానికి మనమే ఉన్నాం. అందుకని దిగిందన్న మాట కాస్త గట్టిగా చెప్పండి.

చెప్పేటప్పుడు, మా అత్తగారి గరిటె సంగతి మాత్రం వదిలేయండి.